ఊలాంగ్‌కు అయిదు నిమిషాలు చాలా ఎక్కువ

సంపాదకుల వారికి,

గ్రీన్ టీకీ, బ్లాక్ టీకీ మధ్య రకమైన ఊలాంగ్ టీ మీద మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆత్రంగా చదివాను. కానీ ఆకును అయిదు నిమిషాలు నాననివ్వమన్న సలహా చిన్న మట్టి టీపాట్‌కు అస్సలు పనికిరాదు. ఆకు ఎక్కువ, సమయం తక్కువ: అసలు కిటుకంతా అక్కడే ఉంది.

చైనాలోని యీషింగ్ మట్టితో చేసిన నా టీపాట్‌లో పట్టేది 100 మిల్లీలీటర్లే. 6 గ్రాముల ఆకు వేసి, సలసల మరిగే నీళ్లు పోసి, 15 సెకన్లకే కప్పులోకి వంచేస్తాను. చైనాలోని ఆన్‌షీ ప్రాంతపు ఊలాంగ్ రకం టీగ్వాన్‌యిన్ అయితే, బిగుతుగా చుట్టిన ఆకు ఉండలు మూడోసారి నీళ్లు పోసే విడతకల్లా విచ్చుకుని మూతను తాకుతాయి. అదే ఆకుతో ఆరేడు విడతలు వస్తాయి. ఒక్కో విడతకు కాస్త సమయం పెంచాలంతే.

ఆకు ఎంచుకునేటప్పుడు నేను రంగు చూసి మోసపోను. వేడినీళ్లతో తొలిపిన ఖాళీ టీపాట్‌లో పొడి ఆకు వేసి మూతపెట్టి, క్షణం ఆగి వాసన చూస్తాను. బొగ్గుల సెగ మీద కాల్చిన చైనా వూయీ కొండల ఊలాంగ్ ఆకు కమ్మగా ఉండాలి, మాడువాసన రాకూడదు.

ఒకసారి అదే టీపాట్‌లో మల్లెల టీ కాచాను. గ్లేజు, అంటే గాజులాంటి పూత, లేని మట్టి కదా, పీల్చేసుకుంది! వారాలపాటు వూయీ టీలో మల్లె వాసనే. అందుకే ఒక టీపాట్‌కు ఒకే రకం టీ. సబ్బు అసలు తగలనివ్వకూడదు. దయచేసి ఈ సవరణ ప్రచురించండి.

— ఒక పాఠకురాలు