కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: ఏడాదంతా గోడ గొడవలే

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ పూడిక తీత, పార్కు లైట్లు, వినాయక చవితి పందిరి, ఇవన్నీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం, ట్రెజరర్ గారు జనరల్ బాడీలో చదువుతారు కాబట్టి ఇక్కడ మళ్లీ రాయట్లేదు. కమిటీ టైమంతా పోయింది పక్కపక్క ఇళ్ల మధ్య గోడల దగ్గరే. పాత పెంకుటిళ్లూ, ఒంటి డాబాలూ పడగొట్టి జీ ప్లస్ టూ, జీ ప్లస్ త్రీ కడుతున్నారు, సంతోషమే, కానీ జేసీబీ వచ్చి నిలబడేదాకా పక్కింటివాళ్లకి ఒక్క మాట చెప్పరు. గోడ బీటలిచ్చాక మాత్రం రాత్రి పదింటికి సెక్రటరీకి ఫోన్ చేస్తారు. అందుకే మన సభ్యుల్లో ఉన్న లాయర్లనీ, సివిల్ ఇంజనీర్లనీ కూర్చోబెట్టి మాట్లాడించాం. అక్కడ తేలిన సంగతులే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం.

ముందు తవ్వకాల సంగతి. మన గుంటూరు నేల నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, ఎవరూ ఏమీ చేయకపోయినా గోడలకి బీటలొచ్చే నేల ఇది. అలాంటి చోట సరిహద్దుకి ఆనించి నిలువునా సెల్లారు గుంత తీసి, వానాకాలంలో అందులో నీళ్లు నిలవనిస్తే పక్కింటి పునాది కింద మట్టి జారకుండా ఎలా ఉంటుంది? మూడో లైనులో ఈ ఏడాది జరిగింది అదే. ప్రహరీ గుంతలోకి ఒరిగింది, వంటగది గోడకి చెయ్యి దూరేంత బీట పడింది. కట్టేవాళ్లేమో ఆ బీట ముందునుంచే ఉందన్నారు, పక్కింటివాళ్లేమో ఇంట్లో ఉన్న ప్రతి బీటా గుంత వల్లే అన్నారు. తవ్వకముందు తీసిన ఫొటో ఒక్కటీ ఎవరి దగ్గరా లేదు!

చట్టం ఏమంటుందంటే, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవాళ్ల స్థలం మీద మనకుండే హక్కుల గురించి చెప్పేది) మద్రాసు కాలం నుంచీ మన దగ్గర అమల్లో ఉంది. దాని సెక్షన్ 7 ప్రకారం మన నేలకి పక్క నేల నుంచి సహజంగా దొరికే ఆసరా మన హక్కు. నా స్థలం నా ఇష్టం అని పక్క నేల జారిపోయేలా తవ్వడానికి లేదు. ఇది ఉత్త నేల వరకు. నేల మీద ఉన్న ఇంటికి కూడా ఆసరా హక్కు రావాలంటే, ఆ ఇల్లు 20 ఏళ్లు ఏ అడ్డంకీ లేకుండా ఆ ఆసరా మీద నిలబడి ఉండాలని సెక్షన్ 15 చెబుతుంది. మన కాలనీలో చాలా ఇళ్లు 20 ఏళ్లు ఎప్పుడో దాటేశాయి. కొత్తగా కట్టుకున్నవాళ్లు కంగారు పడక్కర్లేదు, ఎదుటివాళ్లు అజాగ్రత్తగా తవ్వి నష్టం చేస్తే ఆ కారణం మీద విడిగా దావా వేసుకోవచ్చు. కాకపోతే ఆసరా తీసేశారన్న ఒక్క కారణంతో పరిహారం రాదు, చెప్పుకోదగ్గ నష్టం నిజంగా జరగాలి, అది సెక్షన్ 34. నష్టం జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా అని మాస్టారు ఒకాయన మీటింగులో గట్టిగానే అడిగారు. అక్కర్లేదు, తవ్వితే హక్కు దెబ్బ తినడం ఖాయమని చూపించగలిగితే ముందే ఇంజంక్షన్, అంటే పని ఆపమని కోర్టు ఉత్తర్వు, అడగొచ్చు.

కట్టేవాళ్లకి ఒక మాట. మీటరున్నర లోతు దాటిన గుంతకి పక్కలు కూలకుండా దన్ను పెట్టాలని తవ్వకాల భద్రత మీద ఉన్న ఐఎస్ 3764 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. సరుగుడు కర్రలకీ, చెక్కలకీ అయ్యే ఖర్చు చూసి వెనకాడతారు గానీ, తర్వాత పక్కింటికి కట్టే డబ్బుతో పోలిస్తే అదెంత? కూల్చేటప్పుడో కట్టేటప్పుడో బిల్డింగ్ పడి మనుషుల ప్రాణాలకి ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే అది సివిల్ కేసుతో పోదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 290 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఉమ్మడి గోడలది ఇంకో తలనొప్పి. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని మధ్య గోడని ఉమ్మడిగా ఉంచుకుంటారు, ఒకరు తన భాగం అమ్మేస్తారు, కొన్నాయన తన వైపు పడగొడతాడు, అవతలివాళ్ల దూలాలేమో ఆ గోడలోనే ఉంటాయి. పంపకాల దస్తావేజులో వేరే మాట లేకపోతే మామూలుగా అలాంటి గోడని ఇద్దరిదిగానే చూస్తారు. ఒకరి ఇష్టంతో పడగొట్టడానికి లేదు, ఎత్తు పెంచడానికీ లేదు. ఇద్దరూ వాడుకోవచ్చు, ఎదుటివాళ్ల వాడకానికి అడ్డం రాకూడదు. కొనేముందు పాత దస్తావేజులో గోడ గురించి ఏం రాశారో చదవండి, చాలామంది గజాలు లెక్క చూసుకుని వదిలేస్తున్నారు.

కిటికీల గొడవలు కూడా వచ్చాయి. వెలుతురు, గాలి హక్కుకీ 20 ఏళ్ల లెక్కే, అయినా కాస్త చీకటి పడితే చాలదు, అడ్డు వల్ల చెప్పుకోదగ్గ నష్టం ఉండాలి. ఎవరెంత ఖాళీ వదలాలన్నది 2017 భవన నిబంధనల్లో ప్లాటు సైజునీ, ఎత్తునీ బట్టి ఉంటుంది, వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. ప్లాను పాసైంది కదా అంటే సరిహద్దు తేలిపోయిందని కాదు. హద్దు తేల్చుకోవాలంటే సర్వే చేయించాలి, అప్పటికీ తేలకపోతే సివిల్ కోర్టు.

కోర్టుకి వెళ్లాల్సి వస్తే, స్థలం చూసి రమ్మని కోర్టు పంపే లాయరుని, అంటే అడ్వకేట్ కమిషనర్‌ని వేయమని అడగండి, ఆయన వచ్చి చూసి ఇచ్చే రిపోర్టుకి విలువుంటుంది. మీ పని మీద అవతలివాళ్లు చెప్పాపెట్టకుండా స్టే తెస్తారని టెన్షన్ ఉంటే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకి ముందే పెట్టే అర్జీ) వేసుకోవచ్చు, 90 రోజులు ఉంటుంది. మా సలహా మాత్రం లోక్ అదాలత్. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెడితే కేసు వేయకముందే పిలిచి మాట్లాడతారు, ఇద్దరూ ఒప్పుకుంటే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. మూడో లైను గొడవ అక్కడే తెమిలింది. ప్రహరీ కట్టించి, వంటగది రిపేరు ఖర్చు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

సంఘం కోర్టు కాదు, ఎవరిది తప్పో తేల్చే అధికారం మాకు లేదు, దయచేసి ఆ సర్టిఫికెట్ అడగొద్దు. మేం చేయగలిగింది ఒక తీర్మానం పెట్టడం. పని మొదలుపెట్టడానికి నెల ముందు పక్కింటివాళ్లకి ప్లాను జిరాక్స్ ఇవ్వడం, ఇద్దరూ ఇంజనీరుతో కలిసి గోడలు చూసి, ఉన్న బీటలు తేదీతో ఫొటోలు తీసి కాగితం మీద సంతకాలు చేయడం, దాని కాపీ సంఘం ఫైల్లో ఉంచడం. సంతకం పెడితే పక్కాయన కట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు, గోడ అప్పటికి ఎలా ఉందో చూసినట్టు మాత్రమే. ఈ మాట కాగితం మీదే అచ్చు వేయించాం. నమూనా నోటీసు బోర్డులో పెట్టాం, జనరల్ బాడీలో చర్చించి ఓటింగుకి పెడతాం. ఈ వేసవిలో పని మొదలుపెట్టేవాళ్లు ఓటింగు దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే తీసుకెళ్లి వాడుకోవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి