చక్కెర తగ్గిస్తే ఓవెన్ చల్లబడుతుందా?

కందుకూరు,
12-03-2025

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారం. మీ కంపెనీ ఓవెన్‌లో కింది కాయిల్ వేడెక్కడం మానేసి 40 రోజులైంది. వస్తువన్నాక చెడిపోతుంది, దానికి నాకు కోపం లేదు. ఈ 40 రోజుల్లో మీ సిబ్బందికి 11 సార్లు ఫోన్ చేసి నేను పొందిన మర్యాద గురించే ఈ లేఖ.

మా వారికి షుగర్ ఉన్నందున బజారు బిస్కెట్లు మాన్పించి, మిక్సీలో బరకగా పట్టిన ఓట్స్‌లో గోధుమపిండి కలిపి, చల్లటి వెన్న నలిపి, మజ్జిగతో తడిపి, చక్కెర రెండు చెంచాలు దాటకుండా స్కోన్లు అనే చిన్న రొట్టెలు చేయడం నేర్చుకున్నాను. ఆరు నెలలు చక్కగా వచ్చాయి. ఇప్పుడు పైన ఎర్రగా కాలుతున్నాయి, అడుగున పచ్చిపిండిగానే ఉంటున్నాయి.

మొదటిసారి మాట్లాడిన అమ్మాయి స్కోన్ అంటే కేకా, బిస్కెటా అని అడిగి, కంప్యూటర్‌లో రెండూ లేవని ఫోన్ పెట్టేసింది. రెండోసారి ఒక పెద్దమనిషి, చక్కెర తగ్గించడం వల్లే ఉడకడం లేదనీ, ఇంకొంచెం వేసి చూడమనీ సలహా ఇచ్చారు. చక్కెర తగ్గితే రంగు తగ్గుతుందని నాకూ తెలుసు. నాకు రంగు పైన వస్తూనే ఉంది, లేనిది కింద వేడి మాత్రమే అని ఎంత చెప్పినా, ఆయన నా భర్త రక్తంలో చక్కెర పెంచే ప్రయత్నం మానలేదు.

ఆపైన జిల్లాల పంచాయితీ మొదలైంది. 2022 ఏప్రిల్‌లో మా ఊరిని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు గనుక మాది తమ పరిధి కాదని ఒంగోలు సర్వీస్ సెంటరు వారు, మీ జాబితాలో మేమింకా ప్రకాశంలోనే ఉన్నాం గనుక తమకు సంబంధం లేదని నెల్లూరు వారు, నన్ను మూడు వారాలు అటూ ఇటూ తిప్పారు. ప్రభుత్వం జిల్లా మార్చింది గానీ నా వారంటీని రద్దు చేయలేదు కదా! చివరికి ఒక మెకానిక్ వస్తున్నానని చెప్పగా, తోటికోడలి ఇంట సీమంతం కూడా మానుకుని సాయంత్రం దాకా కాచుకున్నాను. ఆయన రాలేదు, మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని మెసేజీ మాత్రం వచ్చింది.

నా పెళ్లికి మా నాన్నగారు కొనిచ్చిన మిక్సీ మీదే. అదింకా తిరుగుతోంది. ఆ నమ్మకంతోనే మా ఆడపడుచుల చేత కూడా మీ సామాన్లే కొనిపించాను. ఇప్పుడు వాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాను.

కనుక దయచేసి ఏదో ఒకటి చేయండి. వారంలోగా మనిషి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు చెప్పి, అక్కడితో ఆగకుండా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే చోటే కేసు వేయవచ్చు గనుక, ఈసారి మా ఊరు ఏ జిల్లాలో ఉందో మీ వకీలు గారే వెతుక్కుంటారు.

భవదీయురాలు,
(సంతకం)

జత: బిల్లు నకలు, పచ్చిపిండి స్కోన్ల ఫోటోలు రెండు. అవి కేకులు కావు, బిస్కెట్లూ కావు.