డిగ్రీ గడిలో పట్టని చదువులు

పై స్థాయి వృత్తి విద్యను డిగ్రీలతో పోల్చే కొలత సరిగా లేక ఆ చదువులు చదివినవాళ్లు నష్టపోతున్నారు. యునెస్కో 2011 విద్యా వర్గీకరణలో 0 నుంచి 8 దాకా స్థాయిలున్నాయి. 5 వరకు సాధారణ విద్య ఏది, వృత్తి విద్య ఏది అని చెప్పిన ఆ పట్టిక, డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీలు వచ్చే 6, 7, 8 స్థాయిల్లో మాత్రం అకడమిక్, ప్రొఫెషనల్ అనే తేడాకు నిర్వచనమే ఇవ్వలేదు. చిక్కంతా అక్కడే. నేను కొన్ని ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను. యంత్రం విప్పి లోపం పట్టుకుని, ఆ పని పదిమందికి నేర్పగల అభ్యర్థి దరఖాస్తులో ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టాల్సి వచ్చింది. ఆ గడి ఎవరూ చూడరు, మొదట్లో నేనూ చూడలేదు. ఎన్నేళ్లు చదివారన్నది లెక్కపెట్టడం తేలిక కాబట్టి అదే కొలత అయి కూర్చుంది. ఐరోపా 2008లో తెచ్చిన 8 స్థాయిల అర్హతల చట్రం మాత్రం అభ్యర్థికి ఏం తెలుసు, ఏం చేయగలరు, సొంతంగా ఎంత బాధ్యత మోయగలరు అని అడుగుతుంది. అందుకే జర్మనీలో వృత్తి పనిలో నిపుణులకిచ్చే ‘మైస్టర్’ అర్హత, బ్యాచిలర్ డిగ్రీ రెండూ 6వ స్థాయిలోనే ఉన్నాయి. ప్రతి సర్టిఫికెట్ మీద స్థాయి సంఖ్య ముద్రించాలి. ఆ సంఖ్యను కోర్సు నడిపే సంస్థ కాకుండా బయటి పరీక్షకులు పని చేయించి చూసి ఖరారు చేయాలి. దరఖాస్తుల్లో డిగ్రీ పేరుకు బదులు ఆ స్థాయినే అడగాలి.