వేడినీటి ఊటల దగ్గర తెలుగులోనూ హెచ్చరిక బోర్డులు ఉండాలి

అయ్యా,

చలికాలం వస్తే ఉత్తరాంధ్ర నుంచి ఒడిశాలోని తప్తపాణి వేడినీటి ఊటకు వెళ్లే కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇచ్ఛాపురం దాటి బరంపురం చేరుకుని, అక్కడి నుంచి దిగపహండి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు వెళితే ఘాట్ రోడ్డు పక్కన అడవిలో ఈ ఊట ఉంటుంది. బరంపురంలో తెలుగువారు చాలామంది ఉన్నందున దారి అడగడానికి గానీ భోజనానికి గానీ మనవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఇటీవల కుటుంబంతో వెళ్లి వచ్చాక, ఇటువంటి చోట్ల యాత్రికులకు చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పేవారే లేరనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఊటను సమీపిస్తుండగానే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మా ఆవిడ వెండి పట్టీలు కాసేపటికే నల్లబడ్డాయి. పక్కనున్నవారు అది అమ్మవారి మహిమ అన్నారు గానీ, నీటిలో కరిగి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు వెండితో కలిస్తే జరిగేది అదే. (ఇంటికి వచ్చి విబూదితో రుద్దితే మెరుపు తిరిగి వచ్చింది.) నీటిని వేడి చేయడానికి ఈ ప్రాంతంలో అగ్నిపర్వతాలేవీ లేవు. కొండల మీద పడిన వాన నీరు రాతి పగుళ్ల గుండా చాలా లోతుకు దిగి, కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున పెరిగే భూగర్భ వేడికి కాగి, మరో పగులు దొరికిన చోట పైకి ఉబికి వస్తుంది. దేశంలో ఇటువంటి ఊటలు 300కు పైగా ఉన్నాయి.

ఇలా వచ్చే నీరు ఏరులా పరవళ్లు తొక్కదు, సన్నగా ఊరుతుంది. అందుకే గుండంలో మనం కలిపింది వెంటనే కొట్టుకుపోదు. ఈ సంగతి తెలియక కొందరు అందులోనే సబ్బు రుద్దుకుంటారు, షాంపూ ప్యాకెట్లు గట్టు మీదే పారేస్తారు, కొబ్బరిచిప్పలు నీళ్లలోకి విసురుతారు. సంతానం కోరుకునే స్త్రీలు ఆ మడుగు బురదలో చేయి పెట్టి గింజ కోసం వెతుక్కునే ఆచారం అక్కడ ఉంది. అక్కడి అమ్మవారు కందుణీ దేవి మీద అంత నమ్మకం పెట్టుకున్నవారి చేతికి ప్లాస్టిక్ ముక్క తగలడం ఎంత అన్యాయం! ఊట పుట్టేచోట దర్శనం మాత్రమే ఉంచి, నీటిని గొట్టాల ద్వారా దిగువన ఉన్న తొట్లలోకి మళ్లించి అక్కడ స్నానాలు చేయించడం మంచి పద్ధతి. ఒడిశా పర్యాటక సంస్థ అతిథిగృహంలో ఊట నీటిని స్నానపు తొట్లలోకి ఇస్తున్నారు కనుక ఇది చేయలేని పనేమీ కాదు.

రెండో విషయం ఆరోగ్యానిది. గంధకపు నీళ్లలో మునిగితే గజ్జి, తామర, కీళ్లనొప్పులు పోతాయని నమ్మి దూరాల నుంచి వస్తారు. కాపడంలా వేడి తగిలితే కీళ్లకు హాయిగా ఉండే మాట నిజమే. అయితే చర్మవ్యాధి ఉన్నవారూ లేనివారూ ఒకే మడుగులో దిగితే రోగం ఒకరి నుంచి మరొకరికి అంటుకునే వీలుంది. వేడినీళ్లలో ఎక్కువసేపు కూర్చుంటే రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా దిగకూడదు. మిగిలినవారు కూడా పది, పదిహేను నిమిషాలకు మించి ఉండకపోవడం మేలు. 2024, 2025లలో కేరళలో పలువురిని బలిగొన్న అమీబా మెదడువాపు వార్తలు చదివినవారికి ఇంకొకటి తెలిసే ఉంటుంది. ఆ వ్యాధిని కలిగించే ఒక రకం అమీబా వెచ్చని మంచినీటిలో పెరుగుతుంది, ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. అటువంటి కేసులు అరుదే అయినా, వేడినీటి గుండాల్లో తల ముంచకుండా ఉండడం, పిల్లలను ఈత కొట్టనివ్వకపోవడం తేలికైన జాగ్రత్త.

మన దగ్గరా ఇటువంటి చోట్లు ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాల అనే ఊరి వద్ద గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు వస్తాయి. మణుగూరు సమీపంలోని పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరు నుంచి వేడినీళ్లు వాటంతట అవే ఎగదన్నుతున్నాయి. అక్కడ సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల భూతాప విద్యుత్ ప్లాంటును ప్రయోగాత్మకంగా నెలకొల్పింది. రాముడి దర్శనానికి వచ్చినవారు గుండాలకూ వెళుతుంటారు కాబట్టి, నీటి వేడి ఎంత, ఎవరు దిగకూడదు, సబ్బు ఎందుకు వాడకూడదు అన్న వివరాలతో రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఇటువంటి చోట్ల బోర్డులు పెట్టించాలి. తప్తపాణిలో ఒడియాతో పాటు తెలుగులోనూ ఆ వివరాలు రాయించమని ఒడిశా అధికారులను కోరాలి. శీతాకాలపు రద్దీ పెరిగేలోపే ఆ పని జరిగేలా చూడాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, శ్రీకాకుళం