ఉదయసముద్రంలో పందెపు లేన్లు వేయండి

నల్లగొండ పక్కనే పానగల్ ఉదయసముద్రం జలాశయం ఉన్నా స్ప్రింట్ కనోయింగ్ (తెడ్డు పడవల వేగపు పందెం) నేర్చుకునే పిల్లలకు అక్కడ ఒక్క పందెపు లేన్ కూడా లేదు. ఈ ఆటలో ఒంటి మోకాలిపై నిలిచి ఒకే పక్కన తెడ్డు వేయాలి, 5.20 మీటర్ల సన్నటి పడవ చిన్న అలకే ఒరుగుతుంది. ఈత రానివారిని నేరుగా పందెపు పడవ ఎక్కించడం తప్పు, ముందు వెడల్పు పడవలోనే నెలల సాధన కావాలి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 1000 మీటర్ల జంట కనోలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ తెచ్చిన కాంస్యం గాలిలోంచి ఊడిపడలేదు. రెండు మీటర్లకు పైగా లోతున్న చోట, వలలు లేకుండా చూసి, 500 మీటర్ల పొడవున తొమ్మిదేసి మీటర్ల వెడల్పుతో మూడు లేన్లకు హద్దులుగా నీటిపై తేలే బుడ్డలు కట్టించాలి. నీటిమట్టం మారుతుంటుంది కాబట్టి పడవ ఎక్కడానికి సిమెంటు మెట్లు కాదు, తేలే జెట్టీయే కావాలి. లైఫ్‌ జాకెట్లు, మోటారు రక్షణ పడవ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

— ఒక పాఠకుడు, నల్లగొండ