బెల్ ఎపోక్ ఇంట్లో అయిదుగురు

పద్మా,

కాలేజీ పిల్లల కొరియన్ సీరియల్ చెప్పమన్నావు, ప్రేమకథ ఒక్కటే ఉంటే వద్దన్నావు. అయితే 'చంగ్‌చున్ షిదే' చూడవే. యౌవన కాలం అని అర్థం. నెట్‌ఫ్లిక్స్‌లో 'హలో, మై ట్వంటీస్' అనే పేరుతో వచ్చింది. రాసింది పార్క్ యన్‌సన్. 2016లో జేటీబీసీ చానెల్లో శుక్ర, శనివారాల్లో వచ్చింది, మొత్తం 12 ఎపిసోడ్లు. నువ్వూ వారానికి రెండే చూడు. ఏకబిగిన చూస్తే చిన్న చిన్న సంగతులు జారిపోతాయి.

బెల్ ఎపోక్ అనే అద్దె ఇంట్లో అయిదుగురు అమ్మాయిలు. మొదటి ఎపిసోడ్ ఉన్‌జేది. పల్లె నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, నోరు పెగలదు. తన జామ్ ఇంకొకరు బ్రెడ్‌కి రాసుకు తింటుంటే గుడ్లప్పగించి చూస్తుంది తప్ప "అది నాది" అనలేదు. ఇక్కడే చాలామంది "ఏముంది ఇందులో" అని ఆపేస్తారు. ఆపకు. అంత చిన్న కోపం లోపల ఎలా పేరుకుంటుందో చూపించడమే ఆ ఎపిసోడ్ పని.

అయిదుగురిలో నా మనసంతా జిన్‌మ్యంగ్ మీదే. 28 ఏళ్లొచ్చినా చదువు పూర్తికాలేదు. ట్యూషన్లు, రెస్టారెంట్లో వడ్డన, రాత్రి షాపులో కౌంటరు. 2016లో కొరియాలో కనీస వేతనం గంటకి 6,030 వన్‌లు. ఆరేళ్లుగా తమ్ముడు స్పృహ లేకుండా ఆసుపత్రి మంచం మీద. ఎవరైనా తనను ఇష్టపడితే మెత్తబడిపోతానని ఆమెకు భయం. ఆ వేషం హన్ యేరి వేసింది, 'మినారి' సినిమాలో తల్లి. గోలగోలగా తిరిగే ఇంకో అమ్మాయి జీవన్ ఎవరనుకున్నావ్? తర్వాత 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' సీరియల్లో లాయర్ వూగా వచ్చిన పార్క్ ఉన్‌బిన్!

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో: సబ్‌టైటిల్స్‌ని నమ్ముకోకు, చెవి పెట్టు. జిన్‌మ్యంగ్‌ని 'యూన్ సన్‌బే' అంటారు, ఆ ఇంట్లోనే ఉండే ఇనాని 'కాంగ్ ఒన్నీ' అంటారు. సన్‌బే అంటే సీనియర్, ఒన్నీ అంటే అక్క. ఇంగ్లీషులో అవి ఉత్త పేర్లయిపోతాయి. మన హాస్టళ్లలో సీనియర్ని 'అక్కా' అని పిలిచినవాళ్లకి ఆ తేడా చెప్పక్కర్లేదు. మాట చివర 'యో' వినిపిస్తే మర్యాద, అది ఊడిపోతే చనువు. ఎవరు ఎవరితో ఎప్పుడు 'యో' మానేస్తారో కనిపెట్టు, స్నేహం ఎక్కడ కుదిరిందో అక్కడే తెలుస్తుంది.

చెప్పుల అలమరా దగ్గర దయ్యముందని జీవన్ అంటుంది. దయ్యాల కథేమో అనుకోకు. ఆ మాటకి ఒక్కొక్కరి మొహం ఎలా మారుతుందో చూడు. అయిదో అమ్మాయి యేఉన్ మీద ఆమె ప్రియుడి దౌర్జన్యం మాత్రం చివరి భాగాల్లో చాలా కఠినంగా ఉంటుంది. ఆ ఎపిసోడ్లు రాత్రి ఒంటరిగా చూడొద్దు.

అయిపోయిందని కట్టేయకు, ఎపిసోడ్ చివర పాత్రలతో చిన్న ఇంటర్వ్యూలుంటాయి. 2017 నాటి రెండో సీజన్ 14 ఎపిసోడ్లు. అందులో ఉన్‌జేగా వేరే నటి, జీవూ, కనిపిస్తుంది. తికమకపడకు. యేఉన్ మళ్లీ గడప దాటి కాలేజీకి వెళ్లడానికి ఎంత కష్టపడుతుందో అందులోనే ఉంది, అందుకోసమైనా చూడు.

నీ
వసు