స్టేషన్‌లో పెట్టిన తుపాకీకి తుప్పు ఎందుకు పట్టాలి? చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. నాది బంగారుపాళెం మండలం. తోతాపురి మామిడి తోట, దాని పక్కనే కాస్త శనక్కాయ చేను ఉన్నాయి. సేద్యంలోకి రాకముందు పదిహేడేళ్లు సైన్యంలో, ఆయుధాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా పనిచేశాను. తుపాకీ విప్పడం, తుడవడం, బాగుచేయడం, మళ్లీ బిగించడం నా ఉద్యోగం. అందుకే ఈ లేఖలో చెప్పేది నా చేతులకు బాగా తెలిసిన సంగతి.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఆ నెలాఖరులోపే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, లైసెన్సు తుపాకీ తెచ్చి డిపాజిట్ చేయమని. మా ఇంట్లో ఉన్నది మా నాయన కొన్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. ఆయనకు డెబ్బై దాటాక నన్ను వారసుడిగా చూపించి నా పేరుకు మార్పించారు. ముందు రోజు రాత్రి కూర్చొని గొట్టాలు రెండూ తుడిచి, లోపలా బయటా పలచగా ఆయిల్ పట్టించి, మరుసటి రోజు పొద్దున అప్పగించి వచ్చాను. స్టేషన్ రికార్డులు రాసే రైటర్ నంబరు చూసి, రసీదు రాసి, ట్రిగ్గర్ దగ్గర చీటీ కట్టారు. అక్కడిదాకా అంతా పద్ధతిగానే జరిగింది.

మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు అయిపోయాయి. జూన్ నెల మధ్యలో వెళ్లాను. తాళం చెవి ఉన్నాయన లేరన్నారు. ఆగస్టులో వెళ్తే పై నుంచి ఆర్డరు రాలేదన్నారు. అక్టోబర్‌లో వెళ్తే స్టేషన్‌లో సగం మంది తిరుమల బ్రహ్మోత్సవాల బందోబస్తుకు పోయారు. ఆ తర్వాత వాయుగుండం వానలు పట్టుకున్నాయి. చివరికి తుపాకీ చేతికొచ్చేసరికి నవంబర్. అది ఏ స్టేషనో నేను రాయను. ఒక మనిషి మీద చర్య తీసుకోమని ఈ లేఖ రాయడం లేదు. అక్కడి సిబ్బంది నాతో మర్యాదగానే మాట్లాడారు.

తుపాకీకి చుట్టిన గోనెపట్ట విప్పుతుంటే అది గొట్టానికి అంటుకుపోయి ఊడి రాలేదు. లాగితే గోనె నేత అచ్చు గొట్టం మీద ఎర్రగా, గళ్లు గళ్లుగా కనిపించింది. నెలల తరబడి గొట్టం మూతి పైకి పెట్టి గోడకు ఆనించినట్టున్నారు. నేను పూసిన ఆయిల్ అంతా కిందికి దిగి చెక్కలోకి ఇంకింది. గొట్టాలు వచ్చి కూర్చునే చోట చెక్క నల్లబడి మెత్తబడింది. పై భాగం ఎండిపోయి, అక్కడే తుప్పు ఎక్కువగా ఉంది. గోడ చెమ్మ తగిలిన వైపు చెక్క ఉబ్బి, మడత దగ్గర బిగుసుకుపోయింది.

వీటన్నిటికంటే నాకు భయం వేసిన సంగతి ఇంకొకటి ఉంది. దుమ్ము పోకూడదనో, బల్లులు పోకూడదనో ఎవరో మంచి మనసుతోనే రెండు గొట్టాల మూతుల్లోనూ గుడ్డ కుక్కారు. గుడ్డ తేమను పీలుస్తుంది, పీల్చిన తేమను బయటికి పోనివ్వదు. తీసి చూస్తే గుడ్డ ఉన్న మేరకు లోపల వలయంలా తుప్పు పట్టింది. ఒక గొట్టంలో గుడ్డ ముక్క బాగా లోపలికి పోయింది. కొట్లాటలో వాడిన తుపాకీ కంటే ఇది ఎక్కువ ప్రమాదం సార్. అడ్డం ఉన్న గొట్టంలో తూటా పేలిస్తే ఆ ఒత్తిడికి గొట్టమే పగులుతుంది. పట్టుకున్నవాడి ఎడమ చెయ్యి, కన్ను పోతాయి. నేను ఆర్మరర్ని కాబట్టి తెరిచి, వెలుతురుకు పెట్టి చూశాను. తుపాకీ గురించి ఏమీ తెలియని రైతు, చేలో పందులు పడ్డాయని ఆ రాత్రే తీసుకుని పరిగెత్తి ఉంటే?

మన జిల్లా వాతావరణం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. వేసవిలో ఇనుము ముట్టుకుంటే కాలుతుంది. జూన్ తర్వాత నైరుతి జల్లులు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, మధ్యలో వాయుగుండాలు. 2021 నవంబర్‌లో తిరుపతి, రాయలచెరువు వైపు నీళ్లు ఎలా వచ్చాయో అందరం చూశాం. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఇనుము మీద తుప్పు వేగం పుంజుకుంటుంది. నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంటే లోహానికీ చెక్కకూ రెండింటికీ మంచిది. తుపాకీ మీద కనిపించే ఆ నల్లని నీలం రంగు కూడా పెయింటు కాదు. ఇనుమును రసాయనాలతో పద్ధతిగా నల్లబరిచి తెచ్చిన పలచని పొర అది. దాని మీద ఆయిల్ ఉన్నంతసేపే కాపలా. ఆయిల్ పోతే ఒక చెమట చెయ్యి తగిలినా చాలు, వేలిముద్ర తుప్పుగా తేలుతుంది. చెమటలో ఉప్పు ఉంటుంది కదా.

మా నాయన చదువుకున్నది ఐదో తరగతి. కానీ ఆయనకు ఇవన్నీ తెలుసు. వానాకాలంలో పదిహేను రోజులకు ఒకసారి తుపాకీని బీరువాలోంచి తీసి, ఎండలో కాదు, మిద్దె మీద నీడలో గాలికి పెట్టేవాడు. కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలు పాత ధోవతి గుడ్డ మీద వేసి తుడిచేవాడు. కొబ్బరి నూనె మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. కొన్నాళ్లకు అది మురిగి జిగురుగా మారుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. తోలు సంచిలో పెట్టనిచ్చేవాడూ కాదు. పచ్చి చర్మాన్ని తోలుగా పదును చేసేటప్పుడు వాడే పదార్థాలూ అందులోని తేమా ఇనుమును తినేస్తాయి. చూడ్డానికి గొప్పగా ఉండే ఆ సంచి మోసుకుపోవడానికే తప్ప దాచడానికి కాదు. ఆయుధ పూజ రోజు తుపాకీని పీట మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టు చెక్క మీదే, ఇనుము మీద కాదు. తడి పసుపు, కుంకుమ ఇనుము మీద ఉండిపోతే అక్కడే మచ్చ పడుతుందని.

సైన్యంలోనూ ఇదే పని ఇంకొంచెం శ్రద్ధగా చేస్తాం. కొన్ని వారాలకు దాచేదానికి పలచని ఆయిల్ చాలు. నెలల తరబడి పెట్టేదానికి చాలదు, అది జారిపోతుంది, ఆవిరైపోతుంది. దానికి గ్రీజులాంటి చిక్కటి తుప్పు నివారిణి పట్టించాలి. సన్నగా ఆవిరి వదిలి లోహానికి తుప్పు పట్టకుండా ఆపే కాగితం ఉంటుంది, దాంట్లో చుట్టాలి. మూతి కిందికి ఉండేలా నిలబెట్టాలి, నేలకూ గోడకూ తగలకుండా చెక్క స్టాండులో. గదిలో సిలికా జెల్ సంచులు వేలాడదీయాలి. ఆ గుళికలు రంగు మారితే తేమ నిండిందని గుర్తు, వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. కాల్చే ముందు ఆ గ్రీజు మొత్తం తుడిచి, గొట్టంలోంచి వెలుతురు చూసి తీరాలి. ఈ చివరి మాట గ్రీజు పూసినవాళ్లు తుపాకీ యజమానికి తప్పకుండా చెప్పాలి.

మందు దట్టించే పాత ఒంటి గొట్టం తుపాకుల సంగతి వేరు. పంట కాపలాకు లైసెన్సు ఉన్న ఇలాంటివి మన పడమటి మండలాల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో దట్టించే నల్లటి తుపాకీ మందు కాల్చాక మిగిలే మసి గాలిలోని తేమను లాక్కుంటుంది. దాన్ని ఆయిల్‌తో తుడిస్తే పోదు. వేడినీళ్లు, సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే ఆయిల్ పట్టించాలి. అలా చేయకుండా స్టేషన్‌లో పెడితే ఒక్క వానాకాలంలో లోపల గుంటలు పడతాయి. ఇక్కడ తప్పు మా లైసెన్సుదారులదీ ఉంది. మసితోనే తెచ్చి అప్పగించేవాళ్లను నేను చూశాను. మందు దట్టించి ఉన్న తుపాకీని అలాగే బండి మీద పెట్టుకుని వచ్చిన మనిషినీ చూశాను. తీసుకునేటప్పుడే సిబ్బంది తెరిచి, ఖాళీగా ఉందో లేదో చూడాలి. వాళ్ల ప్రాణాలకు కూడా అది అవసరం.

ఎన్నికలప్పుడు ఆయుధాలు జమ చేయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. గొడవలు జరగకూడదు. కానీ దీనిపై ఎన్నికల సంఘం ఇచ్చిన సూచనలు ఒకసారి తెప్పించుకుని చూడండి. అందరినీ ఒకే గాటన కట్టకుండా స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్సును పరిశీలించాలని ఉంది. రసీదు ఇవ్వాలని, జమ అయిన ఆయుధాలను భద్రంగా కాపాడే బాధ్యత జిల్లా యంత్రాంగానిదేనని ఉంది. ఫలితాలు వచ్చిన వారం తర్వాత వెంటనే తిరిగి ఇచ్చేయాలనీ ఉంది. నాకు ఐదు నెలలు పట్టింది. భద్రంగా అంటే దొంగలు ఎత్తుకుపోకుండా మాత్రమే కాదు కదా సార్, తుప్పు కూడా దొంగే.

ఎన్నికల కంటే ఎక్కువ కాలం మగ్గేవి ఇంకొన్ని ఉన్నాయి. లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే ఇంట్లోవాళ్లు ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం తుపాకీని స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం వారసులు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఫైలు తహసీల్దారు నివేదిక, పోలీసు విచారణ అంటూ తిరిగి తిరిగి వచ్చేలోపు ఆ తుపాకీకి నాథుడు ఉండడు. మాకు తెలిసిన ఒక ఇంట్లో కొడుక్కి లైసెన్సు వచ్చేసరికి తండ్రి తుపాకీ చెక్క సగం చెదలు తినేశాయి. ఆ తల్లి దాన్ని చూసి ఏడ్చింది. బయటివాళ్లకు అది ఇనుప ముక్క. ఆమెకు మాత్రం ముప్పై ఏళ్లు రాత్రిళ్లు చేను కాపలా కాసిన భర్త గుర్తు.

మీ దగ్గర డబ్బు అడగడం లేదు. జిల్లా పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్)లో ఆర్మరర్లు ఉన్నారు. ప్రభుత్వ తుపాకులను వాళ్లు ఎంత బాగా చూసుకుంటారో నాకు తెలుసు, దసరాకు ఆయుధ పూజ కూడా చేస్తారు. వాళ్లలో ఒకరిని వానాకాలంలో నెలకు ఒకసారి స్టేషన్లకు పంపించి, జమ అయిన తుపాకులను తుడిపించండి. లేదంటే స్టేషన్లలో విడివిడిగా మూలన పడేయకుండా అన్నిటినీ ఏఆర్ ఆయుధాగారంలో ఒకే పొడి గదిలో పెట్టించండి. తూటాలు వేరే గదిలో, వేరే తాళం కింద ఉండాలి. తీసుకునేటప్పుడు రసీదు మీద నంబరుతో పాటు తుపాకీ ఎలా ఉందో రెండు ముక్కలు రాయించండి: గొట్టం లోపల శుభ్రంగా ఉందా, తుప్పు ఉందా, చెక్క పగిలిందా. ఒక ఫోటో కూడా తీస్తే రెండు పక్షాలకూ మంచిది. గోనెపట్ట, మూతిలో గుడ్డ మాత్రం వెంటనే మానిపించండి. దానికి ఆర్డరు కూడా అక్కర్లేదు, ఎస్పీ గారు ఒక్క మాట చెబితే సరిపోతుంది. తిరిగి ఇచ్చే తేదీని ముందే రసీదు మీద వేయించండి, అప్పుడు మేం పని మానుకుని మూడుసార్లు తిరగనక్కర్లేదు.

ఏనుగులు తిరిగే కౌండిన్య అడవి అంచున ఉన్న మా ఊళ్లలో రాత్రి నిద్ర ఎలా ఉంటుందో మీరు పర్యటనల్లో చూసే ఉంటారు. ఏనుగుల మీద తుపాకీ ఎత్తే ఆలోచన మాకు లేదు, అది నేరం, పాపం కూడా. అడవి పందుల మీదైనా అటవీ శాఖ అనుమతి లేకుండా కాల్చకూడదని మాకు తెలుసు. లైసెన్సు తీసుకుని, నంబరు వేయించుకుని, పిలిచినప్పుడల్లా తెచ్చి అప్పగించే మేం చట్టానికి లోబడి ఉన్నవాళ్లం. అప్పగించినప్పుడల్లా వస్తువు పాడైపోయి తిరిగొస్తుంటే, అప్పగించాలంటేనే మనసులో టెన్షన్ మొదలవుతుంది.

మా నాయన తుపాకీని నేను బాగుచేసుకున్నాను. బయటి తుప్పు సన్నటి ఇనుప పీచుతో, ఆయిల్‌తో మెల్లగా తీశాను. లోపలి గుంటలు మాత్రం పోవు. ఒక గొట్టంలో ఇక తూటా పెట్టనని నిర్ణయించుకున్నాను. స్థానిక ఎన్నికలు వచ్చినప్పుడు మళ్లీ ఫోన్ వస్తుంది, మళ్లీ తీసుకెళ్లి అప్పగిస్తాను.

ఆ లోపు మీరు ఒప్పుకుంటే నేనే ఒక పని చేస్తాను. నా గుడ్డలు, నా ఆయిల్, నా బ్రష్షులు తెచ్చుకుంటాను. ఎస్పీ గారు చెప్పిన రోజున, ఏఆర్ సిబ్బంది ఎదురుగా, ఏ స్టేషన్‌లోనైనా జమ అయి ఉన్న తుపాకులను వరుసగా తుడిచి, ఎలా దాచాలో అక్కడి రైటర్లకు చూపిస్తాను. ఒక ఆదివారం చాలు. జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు
మీ విధేయుడు,
ఒక మాజీ సైనికుడు, లైసెన్సుదారుడు
బంగారుపాళెం మండలం, చిత్తూరు జిల్లా